నల్ల రవిక మీద గని దీపాలు

సూదిని మొదట కనిపెట్టిన మనిషి ఎవరో గానీ, మా బాపమ్మ సారక్క చేతిలో అది ఎట్లా ఆడుతుందో చూసి ఉంటే, ఇక తన పని అయిపోయిందని ఆ సూదిని తిరిగి కొలిమిలో పడేసి సన్యాసం పుచ్చుకునేవాడు. హైదరాబాదులో పెద్ద దుకాణాల అద్దాల వెనక మెరిసే రవికలన్నిటికీ, బొంబాయిలో బొమ్మలకు తొడిగే పావడాలన్నిటికీ, అసలు భూమ్మీద గుడ్డ అన్నదాని మీద మెరిసిన ప్రతి పోగుకూ పుట్టినిల్లు గోదావరిఖనిలో రెండో ఇంక్లైన్ కాలనీ, మూలమీది క్వార్టరే. ఇందులో నిజమెంతని అనుమానం ఉన్నవాళ్లు బాపమ్మనే అడగవచ్చు. అన్నీ నిజాలే అంటుంది, ఇంకో రెండు కలుపుతుంది కూడా.

అయితే ఆమె కలపని సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో కాలనీ మొత్తంలో సారక్క కంటే బాగా కుట్టే పిల్ల ఒక్కతే ఉండేది. ఆ ఒక్కతే పక్క క్వార్టర్లో ఉండటం సారక్కకు పట్టిన శని.

సారక్క తండ్రి కొమురెల్లి గోదావరి ఒడ్డు పల్లెలో జొన్నలు, పెసర్లు పండించుకునే మనిషి. గనులు పడ్డాక తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు నింపే పనికి ఎక్కాడు. కంపెనీ క్వార్టర్ ఇస్తే భార్య ఐలవ్వనూ, చిన్నపిల్ల సారక్కనూ, ఒక బర్రెనూ తోలుకుని వచ్చాడు. పక్క క్వార్టర్లో గని వర్క్‌షాపు మెకానిక్ అన్వర్, భార్య లతీఫున్నీసా, కూతురు జహీరా, కొడుకు సాబిర్. రెండిళ్ల పెరళ్లకు మధ్య మనిషి భుజాలెత్తు గోడ. ఆ గోడకు ఇవతల బోర్లించిన బక్కెటు మీద నిలబడి సారక్క తన చిన్నతనమంతా గడిపింది.

అవతల చూడాల్సింది చాలా ఉండేది మరి. లతీఫున్నీసా పుట్టింటివాళ్లు హైదరాబాదులో జరీ కుట్టు పనివాళ్లు. ఆమె పెళ్లికి పెట్టెలతో పాటు ఒక పొడవాటి కర్రచట్రం కూడా తెచ్చుకుంది. దానికి గుడ్డను డప్పు తోలులాగా బిగించి, దాని ముందు కూర్చుని జరీ దారం, చమ్కీలు కుడుతుంటే జహీరా ఆమె మోకాలికి ఆనుకుని చూసేది. చూస్తూ చూస్తూ ఎప్పుడు సూది పట్టిందో, పట్టింది. సారక్కకేమో చట్రం లేదు, జరీ లేదు, నేర్పే తల్లి లేదు. ఐలవ్వకు తెలిసిన కుట్టల్లా గోనెసంచి మూతి కుట్టడమే. సారక్క బక్కెటు మీది నుంచే నేర్చుకుంది. చిరిగిన దుప్పటి మీద, తండ్రి పాత లాగు మీద, ఆఖరికి బర్రె మీద కప్పే గోనెపట్టా మీద కూడా కుట్టి చూసింది.

"ఆ పిల్ల చూపు చాలా గట్టిది జహీరా" అనేది లతీఫున్నీసా గోడవైపు చూసి నవ్వుతూ. "అది చూసినప్పుడల్లా నా దారం తెగుతున్నది."

"నీ దారం పాతది ఖాలా, నా కండ్ల తప్పేం లేదు" అని సారక్క గోడ మీది నుంచే జవాబిచ్చేది.

కొన్నేళ్లకు గనిలో కార్మికుల పని చూసే ఓవర్‌మన్ భార్య పూలమ్మ ఆడపిల్లలకు కుట్టు క్లాసు పెట్టింది. గని దగ్గర కుట్టు అంటే వేరే ఊళ్ల కుట్టు లాంటిది కాదు. గాలి తిరిగిందంటే బొగ్గుదుమ్ము వచ్చి గుడ్డ మీద కూర్చుంటుంది. అందుకని పూలమ్మ ప్రతి పిల్ల చేతా ఒక ముసుగుగుడ్డ తెప్పించేది. కుడుతున్న మేర మాత్రం తెరిచి, మిగతాదంతా కప్పిపెట్టి కుట్టాలి. సారక్కకు ఈ పద్ధతి భలే నచ్చింది. తనదెవరూ చూడరు. అయితే జహీరాది చూడాలంటే మాత్రం దుమ్ము దులిపే వంకన లేవాల్సి వచ్చేది. ఆమె దులిపినంత దుమ్ము ఆ గదిలో ఎప్పుడూ లేదు.

పూలమ్మకు ఇంకో అలవాటు ఉండేది. ఎవరు కుట్టింది చూపించినా ముందు వైపు చూసేది కాదు. గుడ్డ తిప్పి వెనక వైపు చూసేది.

"ముందట అందరు మంచిగనే కుడ్తరు. వెనక ముడులు కనవడొద్దు. గిటు రాండ్రి పిల్లలూ, జహీరా గుడ్డ వెనక చూడుండ్రి. ఒక్క ముడి కనవడ్తదా?"

పిల్లలంతా ముక్కులు ఆనించి చూసి "లేదు టీచరమ్మా" అనేవాళ్లు. తర్వాత సారక్క గుడ్డ తిప్పేది. వెనక బొగ్గు టబ్బు తిరగబడ్డట్టు ఉండేది.

"నీది ముందట బంగారమే సారక్కా" అనేది పూలమ్మ. "వెనకనే..."

ఆ "వెనకనే" అన్న మాట సారక్క గొంతులో చేపముల్లులాగా ఉండిపోయింది. ఇంటికొచ్చి తల్లిని అడిగేది, "రవిక తొడుక్కున్నంక వెనక దిక్కు ఎవరు చూస్తరే అవ్వా?" ఐలవ్వ బర్రెకు కుడితి కలుపుతూ, "తొడుక్కున్నదాని ఒంటికి కుచ్చుకుంటది గదా బిడ్డా" అనేది. తల్లి కూడా జహీరా పార్టీయే అని సారక్క నమ్మకం.

డెబ్బై ఒకటిలో పూలమ్మ ఒక కబురు తెచ్చింది. హైదరాబాదులో బట్టల మీద డిజైన్లు గీయడం, కుట్టడం నేర్పే చదువొకటి ఉందట. రెండేళ్లు, హాస్టలు కూడా వాళ్లదే. ఈ క్లాసు నుంచి ఒక్క పిల్లను తీసుకుంటారట. ఎంచడానికి ఒక మేడమ్ వస్తుంది, ఒక్కో పిల్ల ఒక్కో రవికముక్క మీద తన సొంత డిజైన్ కుట్టి చూపించాలి. ఎక్కడా చూసి కుట్టింది కాకూడదు.

జహీరా ఏం కుడుతుందో అడగక్కర్లేదు. హైదరాబాదు మేనమామ పంపిన కొత్త జరీ ఉండ, తెల్లటి సిల్కు ముక్క ముందే వచ్చేశాయి. సారక్క బక్కెటెక్కి చూసింది. జరీ ఎండలో ఎంత మెరిసిందంటే, దిగేటప్పుడు బక్కెటు మీద కాలు జారింది.

"యా అల్లా, దెబ్బ తగిలిందా సారక్కా?" అని అటునుంచి జహీరా.

"నాకెందుకు తగుల్తది? నేను కావాల్నని దుంకిన."

ఆ సాయంత్రం తండ్రికి రొట్టెల మూట ఇచ్చి రమ్మంటే గని గేటు దాకా పోయింది. దారి పొడుగునా జరీనే తిట్టుకుంటూ పోయింది. జరీ నల్లబడాలని, మేనమామ మళ్లీ పంపకూడదని, తెల్ల సిల్కు మీద పిడికెడు బొగ్గుదుమ్ము పడాలని. గేటు దగ్గర నిలబడి చూస్తే షిఫ్టు దిగుతున్నారు. గనిలోకి ఏటవాలుగా దిగే ఇంక్లైన్ నోట్లోంచి మనుషులు కనిపించడం లేదు. దీపాలే కనిపిస్తున్నాయి. నల్లటి లోతులోంచి ఒక పసుపు చుక్క, దాని వెనక ఇంకో చుక్క, తలమీది దీపాలు వంకర వరసగా పైకి వస్తున్నాయి. వాటిని అంతకుముందు వెయ్యిసార్లు చూసింది. ఆ రోజు మాత్రం తిడుతున్న నోరు మూతపడింది. ఇంటికొచ్చేసరికి ఐలవ్వ ఉల్లిగడ్డల బుట్ట ఎదురుగా ఉంది.

ఆ బుట్ట లేని ఇల్లు ఆ కాలనీలో లేదు. గనిలో మందు పేల్చడానికి వాడే సన్నటి తీగలుంటాయి, పైన ఎర్రటి, పసుపు పచ్చటి ప్లాస్టిక్ తొడుగుతో. పేల్చడం అయిపోయాక బొగ్గులో దొరికే ముక్కలను మగవాళ్లు ఇంటికి తెస్తే, ఆడవాళ్లు బుట్టలు, సంచులు అల్లుతారు. పిల్లలు గాజులు, ఉంగరాలు చేసుకుంటారు. అంతవరకే. ఆ తీగను గుడ్డ మీద కుట్టవచ్చని ఎవరికీ తోచలేదు. సారక్క బుట్టవైపు చూసింది. జరీ మెరిస్తే ఎంత, మెరవకపోతే ఎంత!

తీగ ఇచ్చింది సదయ్య. కొమురెల్లి చెల్లెలి కొడుకు, సారక్కకు బావ వరస. మందు పేల్చేవాళ్లకు సహాయంగా పనిచేసేవాడు. మాట తక్కువ మనిషి. ఎందుకని అడక్కుండా జేబులో ఉన్నదంతా ఇచ్చేశాడు.

నల్ల పాప్లిన్ ముక్క తీసింది సారక్క. దుమ్ము పడ్డా కనబడదు, దీపాలకు చీకటి కావాలి. ఐలవ్వ చూసి మొత్తుకుంది.

"పెండ్లి గావలసిన పిల్లవు, నల్ల రవిక ఏందే?"

"నువ్వు బొగ్గు ముందట గూసోని వండుతలేవా? అది నలుపు గాదా?"

ఇంట్లో కుడితే గోడ అవతలివాళ్లు చూస్తారని పెరట్లో బొగ్గు పోసుకునే కొట్టులో కూర్చుని కుట్టింది. దారం సూదిలోకి ఎక్కించినట్టు తీగను ఎక్కించడం కుదరదు. ఎర్ర తీగను గుడ్డ మీద పరిచి, దాని మీది నుంచి సన్నదారంతో అక్కడక్కడ కట్టు వేసింది. అవి పట్టాలు. పసుపు తీగను చీపురుపుల్లకు చుట్టి, చుట్టలు చేసి వరసగా కూర్చింది. అవి దీపాలు. మెడ దగ్గర చిన్నవి, భుజం మీదికి వస్తున్నకొద్దీ పెద్దవి. కొట్టులోంచి బయటికి వచ్చేసరికి మొహం, చేతులు నల్లగా ఉండేవి.

"నీ బిడ్డ గూడ డ్యూటీకి పోతున్నదా?" అనేవాడు కొమురెల్లి పెళ్లాంతో.

అయిపోయింది. సారక్క గోడకు ఆనించి పెట్టి చూసుకుంది. ఆ రోజు కళ్లకు కనిపించినట్టే నల్లటి లోతులోంచి దీపాలు ఎక్కి వస్తున్నాయి. మొదటిసారి, గోడ అవతలికి చూడాలని అనిపించలేదు.

మేడమ్ వచ్చే రోజు పొద్దున ఇస్త్రీ చేద్దామనుకుంది. అదిగో, అక్కడే వచ్చింది చిక్కు. వేరే ఊళ్లో అయితే ఇస్త్రీపెట్టెలో కట్టెబొగ్గులు వేస్తారు. గని కాలనీలో కట్టెబొగ్గు ఎవరు కొంటారు? కొట్టు నిండా రాక్షసి బొగ్గే. పొగ పోయేదాకా కాల్చి, ఎర్రటి నిప్పులు పెట్టెలోకి ఎత్తితే, ఆ వేడికి తడి దుప్పటి కూడా గంజి అప్పడం అవుతుంది. సారక్కకు జహీరా ఇస్త్రీ మడతలు గుర్తొచ్చాయి, కత్తుల్లాగా ఉండే మడతలు. వాటికంటే మంచిగా రావాలని ఇంకో రెండు నిప్పులు ఎక్కువేసింది. పెట్టె ఎత్తి నల్ల రవిక మీద పెట్టింది.

బుస్సుమంది. పొగ లేచింది, పాత టైరు కాలినట్టు కంపు. గబుక్కున ఎత్తితే పెట్టె అడుగు నుంచి దీపాలు పసుపు పచ్చటి సాగుడు జీడిలాగా వేలాడుతున్నాయి. పట్టాలు గుడ్డలోకి కరిగిపోయాయి. మధ్యలో అరచేతి అంత చిల్లు.

"ఏం కాలుతున్నదే?" లోపలి నుంచి ఐలవ్వ.

"పాత చెప్పు పొయ్యిల వడ్డదే అవ్వా."

కాలిన రవికను మడిచి బట్టల సందుగ అడుక్కి తోసి, దుప్పటి కప్పుకుని పడుకుంది. జ్వరం అని చెప్పింది. పూలమ్మ మనిషిని పంపింది, సారక్క లేవలేదు. మేడమ్ వచ్చింది, గుడ్డలన్నీ చూసింది, జహీరా గుడ్డ వెనక వైపు కూడా చూసింది. జహీరాను ఎంచింది.

లతీఫున్నీసా గిన్నెనిండా సేమ్యా పాయసం పంపింది. ముట్టనంది సారక్క. ఆ పాయసం ముట్టేకంటే ఉపాసం ఉంటానంది. కాసేపటికి ఐలవ్వ వచ్చి చూస్తే గిన్నె ఖాళీ, సారక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "పిల్లి తిన్నదేమో" అంది. పిల్లి గిన్నె కడిగి కూడా పెట్టింది.

జహీరా హైదరాబాదు పోయింది. సారక్క పాత మిషను ఒకటి సంపాదించి కాలనీ ఆడవాళ్లకు రవికలు కుట్టడం మొదలుపెట్టింది. కడుపు మంట కాస్త చల్లారేదే గానీ, సెలవులు వచ్చేవి. జహీరా రైలు దిగేది, ఒకసారి బుట్టచేతుల కమీజుతో, ఇంకోసారి కింద వెడల్పు పాంటుతో, పెద్ద పెద్ద పూల గుడ్డతో. పిల్లలు మూగేవాళ్లు. సారక్క మూగేది కాదు. బక్కెటు మీది నుంచి ఒక్క చూపు చూసేది. వారం తిరక్కముందే కాలనీలో ఆడవాళ్ల రవికలకు బుట్టచేతులు వచ్చేవి.

"ఈ చేతులు నువ్వెక్కడ చూసినవ్ సారక్కా?" అని ఎవరైనా అడిగితే, "కలల చూసిన" అనేది.

రెండో ఏడు ఎండాకాలం సెలవుల్లో జహీరా ఒక పని మీద వచ్చింది. బళ్లో ఆఖరి పరీక్షట. పుస్తకాల్లోది కాదు, జరీలోది కాదు, ఎవరి ఊరిలోంచి వాళ్లు ఒక కొత్త డిజైన్ పట్టుకు రావాలట. దాని మీదే సర్టిఫికెట్టు, దాని మీదే తర్వాత ఉద్యోగం.

"మన ఊళ్ల ఏమున్నదే సారక్కా?" అని గోడ దగ్గరికి వచ్చి దిగాలుగా నిలబడింది. "నా పక్క పిల్ల కొండపల్లి బొమ్మలు తెస్తదట. ఇంకో పిల్ల తండాల అద్దాల కుట్టు తెస్తదట. నేనేం తేవాలె, దుమ్మా?"

"దుమ్ము మస్తున్నది. మూట గట్టుకోని పో."

"నువ్వు గట్లనే అంటవ్. నీకేం, నీకు పరీక్ష లేదు."

ఆ "నీకు పరీక్ష లేదు" కూడా పోయి "వెనకనే" పక్కన కూర్చుంది.

జహీరా రోజంతా ఎండలో తిరిగింది. సాయంత్రం దాహమేసి సారక్క ఇంటికొచ్చి, కుండలోంచి నీళ్లు ముంచుకుంటూ ఆగిపోయింది. ఆమె చూపు ఎక్కడ ఆగిందో సారక్క చూసింది. ఉల్లిగడ్డల బుట్ట మీద.

"సారక్కా, ఈ తీగను గుడ్డ మీద కుట్టొచ్చు గద!"

సారక్క కాళ్ల పక్కనే సందుగ ఉంది. సందుగ అడుగున రవిక ఉంది. నోరు తెరిస్తే నవ్వుతుంది జహీరా: కాల్చుకున్నావా అని. నోరు మూస్తే...

"నాకేమెరుక?" అంది సారక్క. "నువ్వు చదువుకున్నదానివి."

మర్నాటి నుంచి గోడ అవతల కర్రచట్రం వాకిట్లోకి వచ్చింది. ముదురు ఆకుపచ్చ గుడ్డ బిగించి, తీగలు పరిచి, వాటి కొసలు వెనక్కి గుచ్చి, మీద సన్నదారంతో కట్లు. సారక్క కొట్టులో దాక్కుని చేసిన పనినే జహీరా నలుగురి ముందు, చాయ్ తాగుతూ చేస్తున్నది. తీగతో అల్లిక, అల్లికకు మొగ్గలు, మొగ్గలకు పసుపు. కాలనీ ఆడవాళ్లు వచ్చి బుగ్గలు నొక్కుకుంటున్నారు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి పడింది. మంచి పసుపు తీగ దొరకడం కష్టం, ఎర్రదే ఎక్కువ వస్తుంది. ఆ పసుపు తీగ ఉండను సదయ్య తెచ్చి జహీరాకు ఇవ్వడం సారక్క కళ్లారా చూసింది.

"ఏం బావా, గోడ అవతల కూడ డ్యూటీ పడ్డదా నీకు?"

"అడిగింది. ఇచ్చిన."

"నేనడిగిన్నాడు ఎర్రదే ఎక్కువిచ్చినవ్."

సదయ్య చాలాసేపు ఆలోచించి, "నాడు నా జేబుల గదే ఉండె" అన్నాడు. సారక్క మూడు రోజులు అతనితో మాట్లాడలేదు. ఆ సంగతి అతనికి తెలియలేదు.

డిజైన్ అయిపోయింది. జహీరా పోయే రోజు పొద్దున గోడ మీదికి వంగి చెప్పింది.

"పోయినంక హాస్టల్ ధోబీకిచ్చి కడక్ ఇస్త్రీ చేయించి మేడమ్ ముందట పెడ్త. ఆమె ఇస్త్రీ లేని గుడ్డను చేతితోటి గూడ ముట్టది."

సారక్క మిషను మీద కూర్చుని ఉంది. తొక్కుతున్న కాళ్లు ఆగాయి.

"మంచిది" అంది.

రిక్షా వచ్చింది. జహీరా, లతీఫున్నీసా, సాబిర్ ఎక్కారు. రామగుండం స్టేషనుకు పోయారు. సారక్క మిషను తొక్కడం మళ్లీ మొదలుపెట్టింది. లోపల ఒక పండగ. ధోబీ పెట్టె ఎత్తుతాడు. బుస్సుమంటుంది. కంపు లేస్తుంది. మొగ్గలన్నీ పెట్టె అడుక్కి వేలాడతాయి. వెనక ముడులు లేకుంటే ఏం, ముందూ ఉండదు వెనకా ఉండదు. ఈ ముచ్చటను సారక్క చాలాసేపు చూసుకుంది, తిప్పి తిప్పి చూసుకుంది. పూలమ్మ గుడ్డను తిప్పినట్టు.

అట్లా తిప్పుతుంటే వెనక వైపు కనబడింది.

కాలింది, సరే. అప్పుడు ఏమంటారు? పాపం జహీరా, ఎంత మంచి ఆలోచన, ఎవరికీ రాని ఆలోచన, గని తీగను గుడ్డ మీద కుట్టింది, కాలిపోయింది పాపం అంటారు. కాలినా ఆ పేరు జహీరాదే. రేపు ఇంకోటి కుడుతుంది. అప్పుడూ జహీరాదే. నల్ల రవిక మీద దీపాలు ఎక్కి వచ్చిన సంగతి సందుగకు తప్ప ఎవరికీ తెలియదు. సందుగ చెప్పదు.

సారక్క మిషను మీద గుడ్డ అట్లాగే వదిలేసి లేచింది. సందుగలోంచి కాలిన రవిక లాగింది. బయటికి వస్తే సదయ్య ఫస్ట్ షిఫ్టు దిగి, మొహం కూడా కడగకుండా సైకిల్ నడిపిస్తూ వస్తున్నాడు.

"బావా, టేషన్‌కు తోలుకపో. జల్ది."

"నేనింకా తానం..."

"నేను నిన్ను గాదు చూసేది. తొక్కు!"

పెళ్లికాని పిల్ల మసి మొహం బావ సైకిల్ వెనక కూర్చుని పట్టపగలు కాలనీ నడిమధ్య నుంచి పోవడం ఆ రోజు అందరూ చూశారు. ఐలవ్వ కూడా చూసింది. ఆ తర్వాత సంబంధాలు వెతికే పని ఆమెకు తప్పింది. మా తాత మా తాత అయింది ఆ సైకిల్ మీదే. ఆయనకు ఆ సంగతి కూడా ఆలస్యంగానే తెలిసింది.

స్టేషన్లో రైలు వచ్చి నిలబడి ఉంది. జహీరా కిటికీ పక్కన కూర్చుంది, ఒళ్లో గుడ్డ మూట. సారక్కను చూసి ఆశ్చర్యపోయింది.

"నన్ను సాగదోల వచ్చినవా?"

"నిన్ను సాగదోలుటానికి ఈ ఎండల వస్తనా? ఇగో, చూడు." కిటికీ ఊచల్లోంచి రవికను లోపలికి తోసింది. "నీకంటె ముందు నేను కుట్టిన. రెండేండ్ల కింద. నువ్వు జరీ కుట్టిన్నాడే. అవ్వ అడిగినా చెప్పలే, నీకు చెప్తున్న. ఇస్త్రీ పెట్టె పెట్టిన, గిట్లయింది. నీదానికి ఇస్త్రీ పెట్టియ్యకు. గుడ్డను తడి చేసి, బరువు పెట్టి చదును చేసుకో. నేనే ముందు. యాది పెట్టుకో."

లతీఫున్నీసా నోరు తెరిచింది. జహీరా రవికను మోకాళ్ల మీద పరిచింది. చిల్లు చుట్టూ కాలిన పసుపు మరకలు, కానీ మెడ దగ్గర, భుజం చివరన కాలకుండా మిగిలిన దీపాలు కొన్ని ఉన్నాయి. చిన్నవి, కాస్త పెద్దవి. ఆమె వేలు వాటి మీద ఒక్కొక్కటిగా పోయింది.

"ఇవి... ఇంక్లైన్ దీపాలు" అంది. "షిఫ్టు దిగేటప్పటివి."

"ఆఁ."

జహీరా తల ఎత్తింది. ఆ మొహం మీద ఉన్నదాన్ని సారక్క వెంటనే గుర్తుపట్టింది. తన మొహం మీద దాన్ని ఇన్నేళ్లూ మోసింది కాబట్టి. కళ్లు సన్నబడి, కింది పెదవి పళ్ల కింద నలిగి.

"నేను గూడ రోజూ చూసిన గదే ఈ దీపాలు" అంది జహీరా మెల్లగా. "నాకెందుకు తట్టలే? నేను పువ్వులే కుట్టిన. పువ్వులు యాడనన్న ఉంటయి."

సారక్క ఆ మాట పాయసంలాగా మెల్లగా దిగనిచ్చింది.

"ఇది నాకియ్యవా సారక్కా? మేడమ్‌కు చూపిస్త."

"ఇయ్య."

"ఒక్క నెలకే."

"ఒక్క నిమిషానికి గూడ ఇయ్య. నీది చూపియ్యి ఇటు."

మూట విప్పించి ఆకుపచ్చ గుడ్డను తీసుకుంది. ముందు వైపు చూడలేదు. పూలమ్మలాగా తిప్పింది. దారం ముడి అయితే దాచవచ్చు, కానీ తీగ కొస ఎట్లా దాగుతుంది? ఎంత నేర్పరి చేతికైనా దాగదు. గుడ్డ వెనకంతా తీగ కొసలు మెలికలు తిరిగి పొడుచుకు వచ్చి ఉన్నాయి. సారక్క గుడ్డను మడిచి, మర్యాదగా కిటికీలోంచి ఇచ్చేసింది. రైలు కూత వేసింది. తన రవికను తాను లాగేసుకుంది.

"ఇస్త్రీ పెట్టకు" అని కదిలే రైలు వెంట ఇంకోసారి అరిచింది.

జహీరా గుడ్డను బళ్లో గోడకు వేలాడదీశారట. సర్టిఫికెట్టు వచ్చింది, తర్వాత హైదరాబాదులోనే టీచరు ఉద్యోగం వచ్చింది. రంజానుకు వచ్చినప్పుడు గోడ దగ్గర చెప్పింది, "ఈ పని నాకంటె ముందు మా ఊరి పిల్ల చేసిందని మేడమ్‌కు చెప్పినే."

"ఏమని చెప్పినవ్? ఉట్టి సారక్క అన్నవా, రెండో ఇంక్లైన్ సారక్క అన్నవా?"

"సారక్క అన్న."

"సారక్కలు ఊరికి పదిమంది ఉంటరు!" అని సారక్క బక్కెటు దిగిపోయింది. మళ్లీ మాట్లాడింది పండగనాటి షీర్ ఖుర్మా గిన్నె వచ్చాకే.

ఇప్పటికీ జహీరా, నాకు జహీరా నానమ్మ, వచ్చినప్పుడల్లా బాపమ్మా ఆమే ఒకే మంచం మీద కూర్చుని, ఒకరి చీర అంచు ఒకరు తిప్పి వెనక చూసుకుంటారు. కాలిన నల్ల రవిక ఇంకా సందుగలోనే ఉంది. జహీరా నానమ్మ ఇప్పటికీ అడుగుతుంది. బాపమ్మ ఇప్పటికీ ఇవ్వదు.

ఇదంతా రాసి బాపమ్మకు చదివి వినిపిస్తే, చిక్కుడుకాయలు తుంచుతూ ఆఖరిదాకా విన్నది. "బాపమ్మా, ఆఖర్న ఒక మంచి మాట పెడుదామా? ఎంత కుళ్లుకున్నా నీకు జహీరా నానమ్మంటే పానం, అందుకే ఆ ఎండల టేషన్‌కు ఉరికినవ్ అని?" అని అడిగితే, చిక్కుడుకాయ నారను నా చేతిమీదికి విసిరికొట్టి అంది:

"పానం గీనం అని రాసినవంటే కాయితం పొయ్యిల పెడ్త. దాని గుడ్డ వెనక కొసలు కనవడ్డయని రాసినవా లేదా? గది రాయి, చాలు."